రాయగడలో నలుగురికి నాలుగు రకాల సైడర్ పోశాను. మావయ్యకి నచ్చినది ఇంకెవరికీ నచ్చలేదు, ఎందుకంటారు?

నాగావళి ఒడ్డు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ నమస్తే. మాది రాయగడ. నేను ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఒక పబ్‌లో పనిచేస్తున్నాను. మా పబ్‌కి బీరు కన్నా సైడర్ కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. ఇక్కడ సైడర్ తెలియనివాళ్లు కూడా ఉంటారు కాబట్టి ఒక్క ముక్క చెప్తాను. ఆపిల్ రసాన్ని పులియబెట్టి చేసేదే సైడర్. బీరులా ధాన్యం ఉడకబెట్టక్కర్లేదు, సారాలా బట్టీ పెట్టక్కర్లేదు. ఘాటు మామూలుగా 4 నుంచి 8 శాతం మధ్యలో ఉంటుంది.

మొన్న సెలవుకి వస్తూ, కస్టమ్స్‌లో ఒక మనిషికి ఒప్పుకునే 2 లీటర్లకి సరిగ్గా సరిపోయేలా నాలుగు అరలీటరు సీసాలు తెచ్చాను. నాలుగూ నాలుగు దారులవి, కావాలనే అలా ఎంచాను.

ఒకటి సూపర్‌మార్కెట్ రకం. తియ్యగా, నిండా గ్యాస్‌తో, అద్దంలా తేరిన రంగుతో ఉంటుంది. యూకేలో కనీసం 35 శాతం ఆపిల్ రసం ఉంటే చాలు, సైడర్ అని అమ్మొచ్చు. మిగతాది నీళ్లు, పంచదార అయినా సరే. రెండోది కీవింగ్ పద్ధతిలో చేసింది. ఫ్రాన్స్‌లోని నార్మండీలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి అది. రసంలోని పెక్టిన్‌ని (జామ్ గట్టిపడేలా చేసే పదార్థం) గడ్డకట్టించి పైకి తేల్చి తీసేస్తారు, దాంతోపాటు ఈస్ట్‌కి కావలసిన ఆహారం కూడా పోతుంది. అందుకని పులియడం నెమ్మదించి, పండు తీపి కొంత అలాగే మిగిలిపోతుంది. పైనుంచి పంచదార వెయ్యరు. మూడోది కెంట్ వైపు రకం. తినే ఆపిల్, వంట ఆపిల్ కలిపి చేస్తారు. డ్రైగా, అంటే తీపి లేకుండా, పుల్లగా, పల్చటి తెల్ల వైన్‌కి దగ్గరగా ఉంటుంది. నాలుగోది సోమర్‌సెట్ పల్లెది. కింగ్‌స్టన్ బ్లాక్, డాబినెట్ అనే ఆపిల్స్‌తో చేసింది. తొక్క మీదా, గానుగ దగ్గరా సహజంగా ఉండే ఈస్ట్‌తోనే పులిసి, పాత ఓక్ పీపాలో నిలవున్నది. గ్యాస్ లేదు, తీపి అసలే లేదు. మడ్డిగా ఉంటుంది. వాసన గాఢంగా, కొంచెం పశువుల శాల గుర్తొచ్చేలా ఉంటుంది.

తాగినవాళ్లు నలుగురు. మా మావయ్యకి అరవై దాటాయి, చిన్నప్పట్నుంచీ జీలుగు కల్లే. కొండల మీద సంతలకి సరుకు వేసేవాడు కాబట్టి కొంధు ఊళ్లలో ఆయన తాగని చెట్టు లేదు. బావ కాగితం మిల్లులో పని, విస్కీ మనిషి. నా స్నేహితుడు భువనేశ్వర్‌లో సాఫ్ట్‌వేర్, చల్లటి బీరు తప్ప ముట్టడు. అక్క విశాఖలో ఉంటుంది, ఎప్పుడైనా వైన్ ఒక గ్లాసు.

స్నేహితుడు తియ్యటి సీసా దాదాపు ఒక్కడే అవగొట్టాడు. నాలుగోది నోట్లో పెట్టుకుని, “గ్యాస్ పోయింది రా దీనికి” అని పక్కన పెట్టేశాడు. బావ అన్నిటికీ ఒకటే మాట, “ఎక్కదు”. అక్క మొదట వీటిని బరువు తగ్గడానికి నీళ్లలో కలుపుకునే వెనిగర్ అనుకుంది. తర్వాత కీవింగ్‌ది తాగి, పంచదార వెయ్యలేదంటే నమ్మలేదు.

ఇక మావయ్య. తియ్యటిది ఒక్క గుక్క తాగి స్టీలు గ్లాసు కింద పెట్టేశాడు. “ఇందులో పండేది రా? పంచదారే తెలుస్తోంది” అన్నాడు. కెంట్‌ది తాగి, “పులుపు ఉంది, ఒళ్లు లేదు” అన్నాడు. నాలుగోది పోశాను. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఊరుకున్నాడు. సంతల్లో అలవాటు ప్రకారం వేలు ముంచి రెండు చుక్కలు నేలమీద వదిలాడు. ఒక గుక్క తాగి, నాలికతో పై దవడ తడిమి చూసుకుని, “ఏటిరా ఇది, సాయంత్రం కల్లు!” అన్నాడు. ఆయన మొహంలో వెలుగు చూడాలి మీరు. మిగతా సీసాలు తిరిగి చూడలేదు.

బ్రిస్టల్‌లో కూడా ఆ సైడర్ అడిగేవాళ్లు ఎక్కువగా సోమర్‌సెట్ పల్లెల పెద్దవాళ్లే. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు, మన స్టూడెంట్లు బెర్రీల రుచి కలిపినది ఐసు వేసుకుని తాగుతారు. పాత చోట నేను పనిచేసినప్పుడు మేనేజర్ ఒకాయన, ఇండియా మొహం కనిపిస్తే చాలు, తియ్యటి కుళాయి వైపు చెయ్యి చూపించేవాడు. నాకది చాలా బాధగా ఉండేది. మా మావయ్య అక్కడికి వస్తే ఆయనకి కూడా అదే పోస్తారన్నమాట.

నేను అడిగేది రెండు. మావయ్యకి అది నచ్చడం కేవలం కల్లు అలవాటు వల్లేనా, లేక ఇంకేమైనా ఉందా? వచ్చేసారి కూడా రెండు లీటర్లే తేగలను. ఏవి తేవాలి, ఏ వరుసలో పొయ్యాలి?

కొరాపుట్ కాఫీతోట

తమ్ముడూ, నేను నాసిక్‌లో వైన్ పనిలో కొన్నేళ్లున్నాను, ఇప్పుడు ఇంటి దగ్గరే. నీ మావయ్యగారు ఒక్క మాటలో అసలు సంగతి చెప్పేశారు.

సైడర్ ఆపిల్స్‌ని ఇంగ్లండ్‌లో నాలుగు రకాలుగా విడదీస్తారు. 1903లో మీ బ్రిస్టల్ పక్కనే ఉన్న లాంగ్ ఆష్టన్ పరిశోధన కేంద్రంలో పెట్టిన లెక్క అది. రసంలో టానిన్, అంటే వగరునిచ్చే పదార్థం, 0.2 శాతం దాటితే చేదు-వగరు రకం. ఆమ్లం 0.45 శాతం దాటితే పుల్లటి రకం. రెండూ దాటినది ఒకటి, రెండూ దాటనిది ఒకటి, అలా నాలుగు. డాబినెట్‌లో టానిన్ ఎక్కువ, ఆమ్లం తక్కువ. కింగ్‌స్టన్ బ్లాక్‌లో రెండూ ఉంటాయి. మనం కొనుక్కు తినే సిమ్లా, కాశ్మీరు ఆపిల్‌లో టానిన్ బాగా తక్కువ. కెంట్ రకానికి “ఒళ్లు లేదు” అన్నది అందుకే. నాలిక మీద ఆ బరువు ఇచ్చేది టానినే. వగరు మన నోటికి కొత్త కాదు. జీడిమామిడి పండు కొరికితే గొంతు పట్టేసేది ఇదే. ఉప్పు అద్దుకుని మరీ తింటాం కదా. నేరేడు, ఉసిరి, కరక్కాయ అన్నీ ఆ కుటుంబమే.

రెండోది పులుపు. ఆపిల్‌లో ఉండేది మాలిక్ ఆమ్లం, పదునుగా ఉంటుంది. పీపాలో నిలవుంచితే, చలికాలం పోయి వేడి తగిలేసరికి బాక్టీరియా దాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పెరుగులో ఉన్నదే ఆ ఆమ్లం, మెత్తటి పులుపు. జీలుగు కల్లు కూడా గంటల్లో అదే దారి పడుతుంది. పొద్దున దించినప్పుడు తియ్యగా ఉంటుంది. ఈస్టూ బాక్టీరియా కలిసి పనిచేసి సాయంత్రానికి తీపి తినేసి, ఘాటూ పులుపూ మిగులుస్తాయి. ఆలస్యమైతే ఇంక వెనిగర్ వైపే. మావయ్యగారు “సాయంత్రం కల్లు” అన్నది ముచ్చటకి అన్న మాట కాదు, సరిగ్గా పోల్చారు.

ఆ పశువుల శాల వాసన బ్రెట్టనోమైసిస్ అనే అడవి ఈస్ట్ వల్ల వస్తుంది, కొన్నిసార్లు బాక్టీరియా వల్ల కూడా. కొద్దిగా ఉంటే గాఢత ఇస్తుంది, ఎక్కువైతే దోషం. నాసిక్‌లో మేమైతే ఆ వాసన వచ్చిన పీపాని పక్కకి తీసేవాళ్లం. సోమర్‌సెట్‌లో దాన్ని వెతుక్కుని తాగేవాళ్లున్నారు.

కానీ నిన్నొకటి అడగాలి. సీసాలు ఎంత చల్లగా ఉన్నాయి? మన ఫ్రిజ్‌లోంచి తీస్తే 4, 5 డిగ్రీలు. ఆ చలికి వాసన బయటికి రాదు, తీపి అణిగిపోతుంది, వగరు మాత్రం కరకరలాడుతుంది. టానిన్ ఉన్నవి 12 డిగ్రీల దగ్గర తాగాలి. తియ్యటి గ్యాస్‌దైతే ఎంత చల్లగా ఉన్నా పర్వాలేదు. నీ స్నేహితుడి నోటికి నాలుగోది అన్యాయంగా చేరి ఉండొచ్చు.

గుణుపూర్ మాస్టారు

బాబూ, నేను రిటైరైన బడి పంతుల్ని. తాగుడు మీద సలహా చెప్పే వయసు కాదు గానీ, మనుషుల గురించి ఒకటి చెప్తాను.

మీ మావయ్యగారు మొదట తాగారా, చివర తాగారా? అది రాయలేదు నువ్వు. మన ఇళ్లలో పెద్దాయన బాగుందంటే కుర్రాళ్లకి బాగుంటుంది, లేదా బాగోలేదని చెప్పడానికి మొహమాటం. మీ బావగారు మేనమామ ముందు నాలుగు గ్లాసులు నింపాదిగా రుచి చూసి మాట్లాడతారా? “ఎక్కదు” అని ఒక్క మాటతో తప్పించుకుని ఉంటారు. ఎవరికి వారికి విడిగా పోసి, మాట్లాడకుండా తాగించి, తర్వాత అడగాలి.

అలవాటు సంగతి. ఇక్కడ వంశధార అవతల సవర ఊళ్లలో కల్లు బాగుందా లేదా అన్నది రుచి ఒక్కదానితో తేలదు. ఎవరి చెట్టు, ఎవరు గీశారు, ఏ పొద్దున దించింది, ఆనపకాయ బుర్ర కడిగిందా పాతదా, అన్నీ అడుగుతారు. పొద్దుటి కల్లు పిల్లలకీ ఆడవాళ్లకీ అంటారు. సాయంత్రం కల్లు వేరే మనుషులది. మీరు తీపి, డ్రై అని రెండు చివరలు పెట్టారే, ఆ రెండూ ఒకే చెట్టులో ఒకే రోజు ఉంటాయి ఇక్కడ. అందుకని కల్లు తాగేవాడికి తీపి తగ్గడం లోటుగా అనిపించదు, సమయం గడిచినట్టు అనిపిస్తుంది.

ఇంకొకటి. మీ ఇంట్లో తరవాణి కుండ, అదే అన్నం నీళ్లు పులియబెట్టేది, ఉందా? కల్లు ముట్టనివాళ్లకి కూడా పులిసిన రుచి అక్కడే అలవాటవుతుంది.

నాగావళి ఒడ్డు

కాఫీతోట అన్నయ్యా, మాస్టారూ, ఇద్దరికీ దండాలు.

ముందు వరుస చెప్తాను. ఎవరికి వాళ్లకి పోశాను గానీ అందరం ఒక్క అరుగు మీదే కూర్చున్నాం, మాట ముందు మావయ్యదే. అయితే నాలుగోది ఆయన మెచ్చుకున్నాక కూడా స్నేహితుడు వద్దన్నాడు కాబట్టి మొహమాటం అందరిమీదా పనిచెయ్యలేదు. బావ విషయంలో మాత్రం మాస్టారి మాట నిజమే అనిపిస్తోంది. రాత్రి మావయ్య వెళ్లిపోయాక మేమిద్దరమే ఉన్నప్పుడు, నాలుగో సీసా వాసన చూసి, “పీపా వాసన విస్కీలో ఉన్నట్టే ఉంది” అన్నాడు. పగలు ఈ మాట రాలేదు.

తరవాణి అన్నారు కదా, అక్కడే నాకు ఒక్కసారి వెలిగింది. నాలుగో సీసాలో కొంచెం మిగిలింది. గ్యాస్ లేనిది కాబట్టి పోయేదేమీ లేదని మూత బిగించి గూట్లో ఉంచాను. మర్నాడు మధ్యాహ్నం అక్క చద్దన్నం కలుపుకుని, ఎండు నెత్తళ్లు వేయించుకుని తింటోంది. ఫ్రిజ్‌లో పెట్టలేదు, మరీ వేడిగా కూడా లేదు. చిన్న గ్లాసులో పోసి పక్కన పెట్టాను. ముందురోజు వాసనకే మొహం తిప్పుకున్న మనిషి, నెత్తళ్ల ముక్క నమిలి ఒక గుక్క తాగి, మళ్లీ గ్లాసు అందుకుంది. “నిన్నటిది కాదు కదా ఇది?” అని అడిగింది. అదే సీసా అని చెప్పాను. ఉప్పూ నూనే తగిలాక ఆ వగరు నోరు కడిగేసినట్టయిందట.

అంటే కల్లు తాగని అక్క కూడా అక్కడికి చేరింది, దారి మాత్రం వేరు.

మైన్ నది దగ్గర బరంపురం అమ్మాయి

తమ్ముడూ, నేను బరంపురం నుంచి వచ్చి ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్థిరపడ్డాను. ఇక్కడ సైడర్‌ని ఆఫెల్‌వైన్ అంటారు. అది ఊరి పానీయం. తీపి ఉండదు, గ్యాస్ ఉండదు, పులుపు గట్టిగా తగులుతుంది. బెంబెల్ అని నీలం పూతల బూడిదరంగు మట్టి కూజాలో తెస్తారు, గళ్లు గళ్లుగా చెక్కిన గాజు గ్లాసులో పోస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి గుక్కకి మొహం చిట్లించడం ఇక్కడివాళ్లకి మామూలే. ఎవరూ తప్పు పట్టరు, సోడా నీళ్లు కలిపి ఇస్తారు. నిమ్మరసం సోడా కలపమని అడిగితే మాత్రం కొన్ని పాత చావడుల్లో ఒప్పుకోరు. నాకు నచ్చినది ఈ సోడా దారే. పులుపు తగ్గుతుంది, ఘాటు తగ్గుతుంది, రుచి స్వభావం పోదు. నీ స్నేహితుడికి కావలసిన గ్యాస్ కూడా దొరుకుతుంది. కాస్త సోడా కలిపి చూడు.

తిండి గురించి నువ్వు అక్క దగ్గర చూసింది చాలా నిజం. ఇక్కడ ఆఫెల్‌వైన్ ఒక్కటే పెట్టుకుని కూర్చోరు. ఉల్లిపాయ, వెనిగర్ వేసిన వాసన చీజ్ ఉంటుంది, ఉడికించిన గుడ్లూ ఆకుకూరల పచ్చటి సాసూ ఉంటాయి. నేను అత్తగారింటికి తొలిసారి వెళ్లినప్పుడు వాళ్లు పెట్టిన చీజ్ వాసనకి భయపడ్డాను గానీ, బరంపురంలో సుకువా తిన్నదాన్ని కాబట్టి రెండో ముక్కకే సర్దుకుంది. ఎండుచేప తినే నోరు ఏ దేశంలోనైనా బతుకుతుంది.

స్పెయిన్‌లో ఆస్టూరియాస్ వెళ్లినప్పుడు ఇంకో దారి చూశాను. అక్కడ సైడర్‌లోనూ గ్యాస్ దాదాపు ఉండదు. సీసాని తలపైకి ఎత్తి, గ్లాసుని నడుము కింద పట్టుకుని సన్నటి ధారగా పోస్తారు. గ్లాసు అంచుకి కొట్టుకుని నురగ లేస్తుంది. అడుగున రెండు గుక్కలే పోస్తారు, నురగ చావకముందే తాగెయ్యాలి. నిదానంగా చప్పరిస్తూ కూర్చుంటే పోసినాయనకి నచ్చదు. 2024లో ఆ సైడర్ సంస్కృతిని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. నీ నాలుగో సీసాని కూడా కొంచెం ఎత్తునుంచి పోసి చూడు, వాసన తేలికవుతుంది.

పుణే ట్యాప్‌రూమ్

మాది నాందేడ్ జిల్లా దెగ్లూర్. పుణేలో బార్‌లో చేస్తాను. ఇక్కడ మూన్‌షైన్ అనే కంపెనీ వాళ్లు తేనెని పులియబెట్టి మీడ్ అనే పానీయం చేస్తారు, ఆపిల్ రసం కలిపింది కూడా ఉంది. మా దగ్గర అడిగేవాళ్లని గమనిస్తే, బీరువాళ్లకి గ్యాస్ ముఖ్యం, వైన్‌వాళ్లకి వాసన ముఖ్యం, విస్కీవాళ్లకి పీపా, ఘాటు. “తీపా, డ్రైనా?” అని అడిగితే అందరూ డ్రై అంటారు, తాగేటప్పుడు సగం మంది తీపివైపే వెళ్తారు. అందుకే నేను ఆ ప్రశ్న మానేశాను. “మీ ఊళ్లో ఏం తాగేవాళ్లు?” అని అడుగుతాను. మా ఊరివైపు వాళ్లయితే ఈతకల్లు అంటారు, నవ్వుతారు, ఆ తర్వాత మాట కలుస్తుంది. వాళ్లకి పుల్లటిదే ముందు పోస్తాను.

బావగారికి ఓక్‌లో ఎక్కువ కాలం ఉన్నది, 7 శాతం పైన ఉన్నది ఇవ్వండి. యూకేలో 8.5 శాతం దాటితే సైడర్ లెక్కలోకి రాదు కాబట్టి అంతకి మించి ఆశ పెట్టుకోకండి.

కొరాపుట్ కాఫీతోట

పుణే తమ్ముడి ప్రశ్న బాగుంది, అదే ఉంచుకోండి. వరుస గురించి నా మాట: తియ్యటిది మొదట పొయ్యొద్దు. తీపి నాలిక మీద ఉండగా వచ్చే ఏ డ్రై సైడరైనా రెట్టింపు పుల్లగా తగులుతుంది. కెంట్ రకం మొదట, పల్లెది తర్వాత, కీవింగ్‌ది చివర. మధ్యలో మరమరాలూ నీళ్లూ. సూపర్‌మార్కెట్‌ది తేవడం మానెయ్, ఆ అరలీటరు దండగ. దాని బదులు పెర్రీ తీసుకురా. బేరిపండు రసంతో చేస్తారు. బేరిపండులో సార్బిటాల్ అనే తీపి ఉంటుంది, ఈస్ట్ దాన్ని తినలేదు. అందుకని పూర్తిగా పులిసినా మెత్తటి తీపి కొంచెం నిలిచే ఉంటుంది. తీపి కావాలనే స్నేహితుడికీ, పంచదార పట్టేసే మావయ్యగారికీ మధ్య నిలబడేది అదొక్కటే అనుకుంటాను.

వేసవిలో వస్తే సీసాలకి తడిగుడ్డ చుట్టి ఇసుకలో కుండ పక్కన పెట్టు. ఫ్రిజ్ అవసరం కెంట్‌దానికే.

నాగావళి ఒడ్డు

సరే అన్నయ్యా, పెర్రీ ఖాయం. గ్లోస్టర్‌షైర్, హెర్‌ఫర్డ్‌షైర్ పెర్రీకి పేరున్న చోట్లే, నాకు దగ్గర. స్నేహితుడికి సోడా దారి, బావకి ఓక్‌ది, ఇద్దరికీ విడిగా, మావయ్య లేనప్పుడు.

మావయ్యకి మాత్రం ఈసారి ఒక్కటి కాదు, ఒకే పల్లె సైడర్ రెండు పీపాలవి తెస్తాను, ఒకటి లేతది, ఒకటి ఏడాది దాటింది. పొద్దుటి కల్లు, సాయంత్రం కల్లు తేడా చెప్పే మనిషి ఆ రెండిటి మధ్య ఏం చెప్తాడో వినాలని ఉంది. నేను పోసే సైడర్ గురించి ఆయన చెప్పేది రాసిపెట్టుకుని మా పబ్‌లో కొత్తగా చేరేవాళ్లకి చెప్తాను.

మాస్టారూ, జీడిమామిడి పళ్లు మీవైపు ఏప్రిల్‌లో దొరుకుతాయా? నాలుగో సీసా పక్కన నెత్తళ్లతోపాటు ఉప్పు అద్దిన ముక్కలు పెట్టి చూడాలి.

గుణుపూర్ మాస్టారు

దొరుకుతాయి బాబూ, మార్చి చివర్నుంచే సంతకి వస్తాయి. పండు కోసిన రోజే తినాలి, మర్నాటికి పాడైపోతుంది. వచ్చే ముందురోజు చెప్పు, పొద్దున్నే ఏరించి గుణుపూర్ బండికి పంపిస్తాను. మీ మావయ్యగారికి నా నమస్కారాలు చెప్పు. ఏ సంతలకి తిరిగేవారో కనుక్కో, నాకు తెలిసినాయనే కావచ్చు.